చైనా వైద్యుడి మందుల కొట్టు: ఆరెగాన్ కామ్ వా చుంగ్ మ్యూజియం గురించి చెప్పుకునే కథల్లో ఏది ఎంతవరకు నిజం

పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో వైపు ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ దొరికితే పెయింటెడ్ హిల్స్ చూడ్డానికి తూర్పు ఆరెగాన్ బయల్దేరుతుంటారు. ఆ రంగురంగుల కొండలు దాటి ఇంకాస్త ముందుకెళ్తే జాన్ డే అని ఓ చిన్న ఊరొస్తుంది. అక్కడ పార్కు పక్కన మొరటు రాతి గోడలతో ఒక పాత బిల్డింగ్ ఉంది, బయట నుంచి చూస్తే ఆగి లోపలికెళ్ళాలని ఏమాత్రం అనిపించదు. దాని పేరు కామ్ వా చుంగ్. అరవయ్యేళ్ళ పాటు చైనా మందుల కొట్టుగా నడిచింది, ఇప్పుడు మ్యూజియం.

దీని మీద తిరిగే కథలు మాత్రం బిల్డింగ్ కంటే పెద్దవి. ఒకరేమో అక్కడి చైనా డాక్టర్ స్పానిష్ ఫ్లూలో తన దగ్గరికొచ్చిన ఒక్క పేషెంటుని కూడా పోనివ్వలేదంటారు. ఇంకొకరు ఆయన మంచం కింద పేదవాళ్ళు ఇచ్చిన 23,000 డాలర్ల చెక్కులు మార్చకుండా దొరికాయంటారు. అటువైపు వాళ్ళు, లైసెన్స్ లేని నాటువైద్యం, నల్లమందు, దొంగ విస్కీ, దీనికి మ్యూజియం ఎందుకండీ అంటారు. గమ్మత్తేంటంటే ఈ మూడు మాటల్లోనూ నిజం ఉంది, కానీ ఏదీ చెప్పినంత తేలిక కాదు. ఎక్కడ వస్తువు సాక్ష్యం ఉంది, ఎక్కడ ఊరి జ్ఞాపకం ఉంది, ఎక్కడ మన ఊహ కలిసింది అనేది విడదీసుకుంటే గానీ అర్థం కాదు.

ఫ్రాంటియర్ ఫార్మసీ అంటే అప్పట్లో ఏముండేది

ఫ్రాంటియర్ అంటే అమెరికాలో తెల్లవాళ్ళు పడమటి వైపు జరుగుతూ కొత్తగా ఊళ్ళు వేసుకుంటున్న అంచు ప్రాంతం. రైలుండదు, ఆసుపత్రి ఉండదు, డాక్టర్ ఉంటే గుర్రం మీద ఒక రోజు దూరంలో ఉంటాడు. అలాంటి చోట మందుల కొట్టువాడే జనానికి అసలు దిక్కు. పాత రోజుల్లో అలాంటివాణ్ణి అపోతకరీ అనేవాళ్ళు, ముడిసరుకు తెప్పించుకుని, కల్వంలో నూరి, తూకం వేసి, అక్కడికక్కడే మందు కట్టి ఇచ్చేవాడన్నమాట.

తెల్లవాళ్ళ మందుల కొట్లో అప్పుడు ఏం దొరికేదో ఒకసారి చూడాలి, లేకపోతే చైనా కొట్టుని దేనితో పోల్చాలో తెలియక తికమక పడతాం. మలేరియా జ్వరానికి క్వినైన్, అది నిజంగా పనిచేసే మందే. నొప్పికి, దగ్గుకి, విరేచనాలకి లాడనమ్, అంటే నల్లమందుని సారాయిలో కరిగించింది. కడుపు శుభ్రం చేయడానికి కాలమెల్, అది పాదరసం ఉప్పు, ఎక్కువ వాడితే చిగుళ్ళు వాచి పళ్ళూడిపోయేవి. వీటికి తోడు పేటెంట్ మెడిసిన్స్ అనేవి. పేరులో పేటెంట్ ఉంది గానీ చాలావాటికి ఏ పేటెంటూ లేదు, లోపల ఏముందో చెప్పకుండా సీసా మీద సర్వరోగ నివారిణి అని రాసి అమ్మే మందులవి. పళ్ళొచ్చే పిల్లలు ఏడవకుండా పట్టే మిసెస్ విన్స్‌లోస్ సూదింగ్ సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. పిల్లలు ఏడుపు ఆపేవాళ్ళు, కొందరు మళ్ళీ లేవలేదు కూడా.

1906లో ప్యూర్ ఫుడ్ అండ్ డ్రగ్ చట్టం వచ్చాక నల్లమందు, మార్ఫిన్, ఆల్కహాల్ లాంటివి ఉంటే లేబుల్ మీద రాయాల్సి వచ్చింది, అంతే, అమ్మకం ఆగలేదు. నార్కోటిక్స్ మీద గట్టి పట్టు 1914 హారిసన్ చట్టంతో గానీ రాలేదు. ఆస్పిరిన్ 1899లో బజారుకొచ్చింది, సల్ఫా మందులు 1930లలో, పెన్సిలిన్ జనానికి అందింది 1940లలో. అంటే కామ్ వా చుంగ్ నడిచిన కాలంలో చాలా భాగం, ఒంట్లోకి ఇన్ఫెక్షన్ ఎక్కితే ఏ కొట్టువాడి దగ్గరా, ఏ డాక్టర్ దగ్గరా గ్యారంటీ మందు లేదు. ఇటువైపు సైన్సు, అటువైపు నాటు అని గీత గీసి చూస్తే ఆ రోజులు అర్థం కావు.

చైనావాళ్ళు అంత లోపలికి ఎందుకొచ్చారు

1862లో జాన్ డే దగ్గరున్న కాన్యన్ క్రీక్ అనే వాగులో బంగారం బయటపడింది. తెల్ల మైనర్లు పైపైన తేలిగ్గా దొరికింది ఏరుకుని కొత్త చోట్లకి వెళ్ళిపోతే, వదిలేసిన మట్టిని మళ్ళీ కడిగి ఓపిగ్గా బంగారం తీసే పనిలోకి చైనావాళ్ళు వచ్చారు. ఎక్కువమంది దక్షిణ చైనా గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం వాళ్ళే. ఒక దశలో ఆ మైనింగ్ క్యాంపుల చుట్టుపక్కల తెల్లవాళ్ళ కంటే వీళ్ళే ఎక్కువ ఉండేవాళ్ళు. 1885లో కాన్యన్ సిటీ చైనాటౌన్ తగలబడిపోయింది, అక్కడ మళ్ళీ కట్టుకోనివ్వలేదు, దాంతో రెండు మైళ్ళ దూరంలో ఉన్న జాన్ డేకి మారారు. కామ్ వా చుంగ్ బిల్డింగ్ అప్పటికే ఉంది, 1860లలో కట్టింది.

1887లో ఇద్దరు కుర్రాళ్ళు అక్కడ కలిశారు. ఒకరు ఇంగ్ హే, 1862లో పుట్టాడు, నాడి చూసి మందిచ్చే వైద్యుడు, ఊరంతా డాక్ హే అని పిలిచేది. ఇంకొకరు లంగ్ ఆన్, ఇంగ్లీష్ బాగా వచ్చు, వ్యాపారం ఒంటబట్టినవాడు, మాటకారి. ఇద్దరూ కలిసి ఈ కొట్టు తీసుకున్నారు. హే పేరే బయటికి వినిపిస్తుంది గానీ, నన్నడిగితే లంగ్ ఆన్ లేకపోతే ఈ మ్యూజియం ఉండేదే కాదు. పేషెంటు చెప్పేది తర్జుమా చేసేది, ఉత్తరాలు రాసేది, లెక్కలు చూసేది, చైనా కూలీలకి పని చూపించేది ఈయనే, తర్వాత్తర్వాత కార్ల డీలర్‌షిప్ కూడా పెట్టాడు.

ఆ కాలం ఎలాంటిదో కూడా గుర్తుంచుకోవాలి. 1882లో చైనా కూలీలు దేశంలోకి రాకుండా ఎక్స్‌క్లూజన్ చట్టం చేశారు, వ్యాపారస్తులకి మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి ఒక కొట్లో భాగస్తుడు అని కాగితం ఉండటం బతుకుతెరువుకే కాదు, దేశంలో నిలబడటానికి కూడా పనికొచ్చేది. ఆరెగాన్ రాజ్యాంగంలోనే, అది ఆమోదించేనాటికి రాష్ట్రంలో లేని చైనావాళ్ళు స్థిరాస్తి గానీ మైనింగ్ క్లెయిమ్, అంటే గని తవ్వుకునే హక్కు గానీ పెట్టుకోకూడదని రాసుంది. వీళ్ళిద్దరూ జాన్ డే చేరిన 1887లోనే అదే రాష్ట్రంలో హెల్స్ కాన్యన్ దగ్గర ముప్పై మందికి పైగా చైనా మైనర్లని కాల్చి చంపారు, ఒక్కరికీ శిక్ష పడలేదు. కామ్ వా చుంగ్ తలుపుకి ఇనప రేకు ఎందుకుందో, దాని మీద తుపాకీ గుళ్ళ గుర్తులు ఎందుకున్నాయో దీంతో కొంత తెలుస్తుంది.

ఒకే కప్పు కింద కొట్టు, గుడి, ఆఫీసు, నిద్ర

మ్యూజియాన్ని ఫార్మసీ మ్యూజియం అనేస్తాం గానీ లోపలికి అడుగుపెట్టగానే ఆ మాట సరిపోదని తెలిసిపోతుంది. కిటికీలు చిన్నవి, గోడలు, పైకప్పు దశాబ్దాల పొగకి నల్లబడి ఉంటాయి. పొయ్యి పొగ, అగరొత్తుల పొగ, పొగాకు, నల్లమందు అన్నీ కలిసిన నలుపు అది. ఒక పక్క అరల్లో కిరాణా సరుకు, క్యాన్డ్ ఫుడ్, పొగాకు డబ్బాలు. దేవుడి పీఠం ఉంది. వంటగది ఉంది, పనివాళ్ళు పడుకునే చెక్క బంకులున్నాయి.

మందుల గది వేరే, చిన్నది. తగరం డబ్బాలు, పాత సిగార్ పెట్టెలు వరసగా పేర్చి, ఒక్కోదాని మీద చైనా అక్షరాల్లో చీటీ. వేళ్ళు, బెరళ్ళు, ఎండు పళ్ళు, గింజలు, కొమ్ములు, పాములు, ఎలుగుబంటి పంజా లాంటి జంతువుల సరుకూ ఉంది. మొత్తం కలిపి ఐదొందల రకాలకి పైనే మందులున్నాయని లెక్క చెప్తారు. మూలికలు నరికే కత్తి, తూకం సామాను వాడినవాళ్ళు ఎక్కడ పెట్టారో దాదాపు అక్కడే. సిగార్ పెట్టె దగ్గరే నేను కాసేపు ఆగిపోతాను ఎప్పుడూ. తెల్లవాళ్ళ చుట్టల పెట్టెలో చైనా వేరు, దాన్ని ఉడకబెట్టుకుని తాగేది ఏ పశువుల రాంచ్‌లోనో ఉండే ఐరిష్ ఇంటి ఇల్లాలు అయ్యుండొచ్చు. ఆ ఊరి సరిహద్దులు కాగితం మీద ఉన్నంత గట్టిగా లేవని ఆ పెట్టె ఒక్కటే చెప్పేస్తుంది.

ఈ సరుకు అక్కడికి చేరడమే ఒక ప్రయాణం. చైనా నుంచి ఓడలో శాన్‌ఫ్రాన్సిస్కో, పోర్ట్‌లాండ్‌లోని చైనా వ్యాపారుల దగ్గరికి, అక్కణ్ణుంచి రైల్లో వీలైనంత దూరం, తర్వాత గుర్రబ్బళ్ళ మీద. పక్కనున్న ప్రెయిరీ సిటీ వరకు చిన్న రైలు వచ్చింది 1910లో. అంటే మొదటి ఇరవై ఏళ్ళకి పైగా ప్రతి వేరుముక్కా చివరి దూరం బండి మీదే వచ్చింది.

నాడి చూసి మందు కట్టే పద్ధతి

నాడి చూడ్డం అంటే మన తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. చైనా పద్ధతిలో రెండు మణికట్టుల మీదా మూడేసి వేళ్ళు పెట్టి, తేలిగ్గా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూస్తారు, వేగం ఒక్కటే కాదు, లోతు, బలం, జారుడు, బిగుతు ఇలా చాలా లక్షణాలు పట్టుకుంటారు. డాక్ హే ఇందులో దిట్ట అని ఊళ్ళో పేరు. తర్వాత ఒకే మూలిక కాకుండా కొన్నిటిని కలిపి పొట్లం కట్టి, ఇన్ని నీళ్ళు పోసి ఇంతవరకు మరిగించి తాగమని చెప్పేవాడు. దూరంగా ఉండేవాళ్ళు ఉత్తరం రాసి, జబ్బు లక్షణాలు చెప్పి మందు పంపమని అడిగేవాళ్ళు, అలాంటి ఉత్తరాలు కొట్లోనే దొరికాయి. నాడి చూడకుండా ఉత్తరం మీద మందు పంపడం ఆయన పద్ధతికే కాస్త ఎదురు కదా అనిపిస్తుంది, కానీ ఆ దూరాల్లో అంతకంటే గత్యంతరం లేదు.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. పాశ్చాత్య పద్ధతిలో రోగం చూసేది ఒకరు, మందు కట్టేది ఇంకొకరు అని మెల్లగా విడిపోతూ వచ్చింది, దాన్ని చట్టం కూడా ఖాయం చేసింది. చైనా కొట్లో రెండూ ఒక మనిషే. అందుకే అమెరికా చట్టం కళ్ళతో చూస్తే డాక్ హే డాక్టరా, ఫార్మసిస్టా, కిరాణా వ్యాపారా అనేది తేలదు.

లైసెన్స్ లేదు, మరి శిక్ష ఎందుకు పడలేదు

అప్పట్లో వైద్యానికి లైసెన్స్ అనేదే కొత్త. ఆరెగాన్ మెడికల్ బోర్డు 1889లో పుట్టింది. డాక్టర్లకి లైసెన్స్ అడిగే అధికారం రాష్ట్రాలకి ఉందని డెంట్ వర్సెస్ వెస్ట్ వర్జీనియా కేసులో అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది కూడా అదే ఏడాది. అంటే డాక్ హే జాన్ డేలో వైద్యం మొదలుపెట్టాకే ఆ వైద్యానికి పర్మిషన్ కావాలన్న రూలు వచ్చింది.

1905లో ఆయన మీద లైసెన్స్ లేకుండా వైద్యం చేస్తున్నాడన్న కేసు పడింది, కానీ ఆయన్ని దోషి అనడానికి జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు జనాల బృందం, ఒప్పుకోలేదు. దీన్ని రెండు రకాలుగా చదువుతారు. ఒక వాదన ప్రకారం ఇది ఊరి తీర్పు, తమకి నయం చేసిన మనిషిని తామే జైలుకి పంపడానికి జనం ఇష్టపడలేదు, పైగా చైనావాళ్ళకి కోర్టుల్లో న్యాయం దొరకడమే అరుదైన కాలంలో ఇది జరిగింది. రెండో వాదన, జ్యూరీ ఒకరిని వదిలేసినంత మాత్రాన అతని వైద్యం మంచిదని రుజువు కాదు, జనానికి ఇష్టమైనవాడని మాత్రమే రుజువు. నాకు రెండో మాట కూడా కొట్టిపారేయదగ్గదిగా అనిపించదు. మన ఊళ్ళల్లో ఆర్ఎంపీ డాక్టర్ల గొడవ ఇలాంటిదే కదా, చట్టం ప్రకారం అతను డాక్టర్ కాదు, కానీ అర్ధరాత్రి తలుపు కొడితే లేచొచ్చేది అతనే, అతని మీద కేసు పెడితే ఊరు ఊరంతా అతని వైపే నిలబడుతుంది, అయినా అతనిచ్చిన ఇంజెక్షన్ సరైనదా కాదా అనే ప్రశ్న అలాగే ఉండిపోతుంది. డాక్ హేని దేవుణ్ణి చేసేవాళ్ళూ, దొంగవైద్యుడు అనేవాళ్ళూ ఈ రెండు ప్రశ్నల్నీ ఒకటిగా కలిపేస్తున్నారు.

నల్లమందు సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. గొట్టంలో పొగ పీల్చే నల్లమందు దిగుమతి అమెరికాలో నిషేధం అయింది 1909లో. అంతకుముందు సుంకం కట్టి తెప్పించుకునేవాళ్ళు, అది బహిరంగ వ్యాపారమే. పక్క వీధిలో తెల్లవాడి కొట్లో అదే నల్లమందు లాడనమ్ పేరుతో సీసాలో అమ్ముతుంటే దాన్ని మందు అన్నారు, చైనావాడు గొట్టంలో పీలిస్తే దురలవాటు అన్నారు. విస్కీ సంగతి వేరు, ఆరెగాన్‌లో మద్యనిషేధం 1916లోనే మొదలైంది, ఆ రోజుల నాటి దాచిన సీసాలు కొట్లో దొరికాయి. అది చట్టం తప్పడమే, దాన్ని మూలికా వైద్యం అని వెనకేసుకు రావక్కర్లేదు.

మందులు నిజంగా పనిచేశాయా అనే చిక్కు ప్రశ్న

ఐదొందల రకాల సరుకుని కలిపి పనిచేసింది, పనిచేయలేదు అనడం కుదరదు. ఒక్కో వేరుకి ఒక్కో కథ. చైనా వైద్యంలో ఆయాసానికి, జలుబుకి వేల ఏళ్ళుగా వాడే మా హువాంగ్ ఉంది, అంటే ఎఫిడ్రా మొక్క. దాన్నుంచి ఎఫిడ్రిన్‌ని 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నాగయోషి వేరుచేశాడు, 1924 నుంచి చెన్, ష్మిట్ చేసిన పరిశోధనల తర్వాత పాశ్చాత్య వైద్యంలో కూడా ఉబ్బసానికి వాడారు. కాబట్టి అందులో పసుంది. అదే మొక్క గుండె మీద చేసే ఒత్తిడి వల్ల 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎఫిడ్రా సప్లిమెంట్లని నిషేధించింది కూడా. పనిచేసే మందుకి అపాయం కూడా ఉంటుందని దీనితో తెలుస్తుంది.

అటువైపు అరిస్టోలోకియా జాతి మొక్కలున్నాయి, చైనా సంప్రదాయంలో కొన్ని మందుల్లో వాడతారు. 1990లలో బెల్జియంలో బరువు తగ్గే మందుల్లో పొరపాటున ఇవి కలిసి ఎంతోమంది ఆడవాళ్ళకి కిడ్నీలు పోయాయి. ఇలాంటి విషం నెమ్మదిగా, ఏళ్ళ తర్వాత బయటపడుతుంది, అప్పటికి ఏ కషాయం వల్ల వచ్చిందో 1900లో ఎవరికీ తెలిసే వీలే లేదు. అంటే తరతరాల అనుభవం అనేది వెంటనే కనపడే ఫలితాన్ని పట్టుకుంటుంది గానీ, ఆలస్యంగా వచ్చే నష్టాన్ని పట్టుకోలేదు. వేల ఏళ్ళ నుంచి వాడుతున్నారు కాబట్టి సేఫ్ అనే మాటకి ఉన్న అసలు లోపం అది. మన ఆయుర్వేదానికీ వర్తిస్తుంది, అల్లోపతిలో కాలమెల్‌కీ వర్తించింది.

ఇప్పుడు ఫ్లూ కథకి వద్దాం. 1918-19 స్పానిష్ ఫ్లూలో డాక్ హే మందు తాగినవాళ్ళు ఎవరూ పోలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఇది నిజమే అనుకుందాం, అప్పుడు కూడా మందు గొప్పదని తేలుతుందా? ఒక లెక్క వేసి చూద్దాం. ఆ ఫ్లూ సోకినవాళ్ళలో నూటికి రెండున్నర మంది పోయారని తరచుగా చెప్పే అంచనా, అదే తీసుకుందాం. డాక్ హే యాభై మందికి మందిచ్చాడనుకోండి, ఆ మందు ఉత్త నీళ్ళే అనుకోండి. ఒక్కొక్కరు బతికే అవకాశం 0.975, దాన్ని యాభైసార్లు గుణిస్తే 0.28 వస్తుంది. అంటే ఏ మందూ లేకపోయినా యాభైకి యాభై మందీ బతికే ఛాన్స్ నూటికి 28. నాలుగు ఊళ్ళల్లో నలుగురు వైద్యులు ఇలా నీళ్ళిస్తే ఇంచుమించు ఒకడికి నా పేషెంట్లు ఒక్కరూ పోలేదు అనే పేరొస్తుంది. అదే వంద మంది అయితే ఆ ఛాన్స్ 8 శాతానికి పడిపోతుంది, రెండొందలు అయితే ఒక శాతం కంటే తక్కువ. కాబట్టి మొత్తం ఎంతమందికి ఇచ్చాడనే అంకె ముందు కావాలి, అది లేకుండా కథ ఎటూ తేలదు.

ఇంకో చిక్కు, ఎవరొచ్చారు అనేది. మరీ ముదిరిపోయినవాళ్ళు మంచం దిగలేరు, కొట్టుదాకా రాలేరు, వచ్చినవాళ్ళు అంటేనే కాస్త గట్టివాళ్ళు. ఇది ఆయన ఖాతాలో అనుకోకుండా కలిసొచ్చే లాభం. కానీ ఎదురు వైపు కూడా చూడాలి, ఆ ఫ్లూ మామూలు ఫ్లూల్లా కాకుండా పాతికా ముప్పై ఏళ్ళ వయసువాళ్ళని ఎక్కువ తీసుకుపోయింది, ఆయన దగ్గరికొచ్చిన పనివాళ్ళు సరిగ్గా ఆ వయసువాళ్ళే అయ్యుంటే చావుల అంచనా రెండున్నర కంటే పెరుగుతుంది, అప్పుడు ఒక్కరూ పోకపోవడం ఇంకా విశేషం అవుతుంది. దానికి తోడు వేడి కషాయం, వేళకి తిండి, పడుకోబెట్టి చూసుకునే మనిషి, ఇవన్నీ ఫ్లూలో నిజంగా ప్రాణం నిలిపే విషయాలే, వాటికి ఏ మూలికా అక్కర్లేదు. పైగా ఆ రోజుల్లో కొందరు డాక్టర్లు ఫ్లూకి ఆస్పిరిన్ ఈ కాలం వాళ్ళు భయపడేంత మోతాదుల్లో ఇచ్చారు, అలాంటి వైద్యం నుంచి తప్పించుకోవడం కూడా ఒక మేలు కావచ్చు.

మంచం కింది చెక్కులు ఏం చెప్తాయి

చెక్కులు మాత్రం కథ కాదు, వస్తువు సాక్ష్యం. ఆయన మంచం కింద దాదాపు 23,000 డాలర్ల విలువైన, బ్యాంకులో వేయని చెక్కులు దొరికాయి. ఎందుకు వేయలేదు అనేదే ఊహ. అందరికీ నచ్చే వివరణ, డబ్బులేని పేషెంట్ల మర్యాద పోకుండా చెక్కు తీసుకుని, వాళ్ళ కష్టం తెలుసు కాబట్టి మార్చుకోలేదని. 1930ల ఆర్థిక మాంద్యం రోజులు దాటిన ఊరు కాబట్టి నమ్మేలాగే ఉంది, రాంచ్‌ల వాళ్ళు ఆయన్ని అంత ఇష్టపడటానికి కారణం కూడా ఇదే కావచ్చు.

కానీ వేరే వివరణలూ ఉన్నాయి. హేకి ఇంగ్లీష్ అంతంత మాత్రం, బ్యాంకు పని, లెక్కలు అన్నీ లంగ్ ఆన్ చూసేవాడు. లంగ్ ఆన్ 1940లో పోయాడు, హేకి చూపు కూడా బాగా తగ్గిపోయింది. చెక్కులు పక్కన పడేయడానికి దయే కావాలని లేదు, ఓపిక లేకపోవడం, నమ్మకం లేకపోవడం, పట్టించుకునే మనిషి లేకపోవడం కూడా చాలు. ఇందులో ఏది నిజమో తేల్చే దారి ఒకటుంది, చెక్కుల మీద తేదీలు. అన్నీ 1940 తర్వాతవే అయితే లెక్కల మనిషి పోయాడన్న వివరణ బలపడేది. కానీ అవి అంతకుముందు ఏళ్ళ నుంచీ ఉన్నాయి, లంగ్ ఆన్ బతికుండగానే, వ్యాపారం బాగా నడుస్తున్నప్పుడే. అందుకని దయ అనే వివరణకే నా మొగ్గు, కాకపోతే ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం అయ్యుండాలి, ఒక్క హే మంచితనం అనను. లంగ్ ఆన్ పోయేనాటికి ఆయన పేరు మీద 90,000 డాలర్ల దాకా ఆస్తి ఉందని చెప్తారు. కొట్టుకి ఆదాయం వేరే వైపు నుంచి ఉన్నప్పుడు మందుల బాకీ వదులుకోవడం సాధ్యపడుతుంది. మందు ఒక్కటే అమ్ముకుని బతికే ఫార్మసీ అయితే అలా చేయగలిగేది కాదు. కిరాణా, కార్లు, గుడి, పడుకునే బంకులు అన్నిటినీ పక్కనపెట్టి మందుల గదిని మాత్రమే చూస్తే ఈ చెక్కుల సంగతి ఎప్పటికీ అర్థం కాదని నేననేది అందుకే.

మూసేసిన గదిని మ్యూజియంగా ఉంచడంలో ఇబ్బందులు

1948లో తుంటి ఎముక విరిగి హే పోర్ట్‌లాండ్ వెళ్ళాడు, 1952లో అక్కడే పోయాడు. కొట్టుకి తాళం పడింది. మ్యూజియం చేయాలన్న షరతు మీద బిల్డింగ్ సిటీకి ఇచ్చారు, సిటీ ఆ సంగతి మర్చిపోయింది. 1967లో పార్కు కోసం స్థలం కాగితాలు చూస్తుంటే ఇది మనదే అని బయటపడింది. తలుపు తీస్తే లోపల అన్నీ ఎక్కడివక్కడే. పొడి వాతావరణం, మందపాటి గోడలు కలిసి అంతకాలం కాపాడాయి. ఎవరూ పట్టించుకోకపోవడమే దానికి రక్ష అయింది, పట్టించుకునుంటే ఎప్పుడో శుభ్రం చేసి, సున్నం వేసి, అద్దెకిచ్చేవాళ్ళు. 1973లో దేశంలోని చారిత్రక స్థలాల జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లోకి ఎక్కింది, 2005లో నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్ అయింది, ఇప్పుడు ఆరెగాన్ స్టేట్ పార్కుల వాళ్ళు చూసుకుంటున్నారు.

పెద్ద ఊళ్ళల్లో ఫార్మసీ మ్యూజియాలు వేరే తరహా. న్యూ ఆర్లీన్స్‌లో అద్దాల బీరువాలు, రంగు నీళ్ళ సీసాలు, వరసగా పింగాణీ జాడీలు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటిలో చాలా సరుకు ఎక్కడెక్కణ్ణుంచో పోగేసింది. ఇక్కడ ఒకే కొట్టు, వాడినవాళ్ళు వదిలిన వరసలో ఉంది. అందుకే గోడ మీద మసి తుడవాలా వద్దా అన్నది కూడా పెద్ద వాదనే అవుతుంది. తుడిస్తే కింద ఏముందో కనపడుతుంది, మసిలోని రసాయనాల వల్ల కర్ర పాడవకుండా ఉంటుంది అనేది ఒక పక్షం. ఆ మసే ఇక్కడి చరిత్ర, అగరొత్తి పొగకీ నల్లమందు పొగకీ వేరే రికార్డు లేదు అనేది ఇంకో పక్షం. మూలికలతో ఇంకా కష్టం, అవి పురుగు పట్టేవి, వెలుతురుకి రంగు పోయేవి, డబ్బా మూత తీసిన ప్రతిసారీ కాస్త పోతూనే ఉంటాయి. ముక్క తీసి ల్యాబ్‌కి పంపితే అదేంటో తెలుస్తుంది, కానీ ఆ ముక్క తిరిగి రాదు.

ఆ సరుకులో కొన్నిటితో చట్టం సమస్య కూడా ఉంటుంది. చైనా మందుల్లో పాదరసం, ఆర్సెనిక్ కలిసిన ఖనిజాలు మామూలే, అలాంటివి పెట్టెలో ఉంటే మ్యూజియం వాళ్ళు ముందు వాటిని విషంగా లెక్కేసుకుని దాయాలి, తర్వాతే వస్తువుగా. జంతువుల అవయవాలకి వన్యప్రాణి చట్టాలు అడ్డొస్తాయి, అమ్మడం, దేశాలు దాటించడం కుదరదు. ఇదంతా చూసుకుంటూ లోపలికి జనాన్ని పంపాలి. అందుకే ఒకేసారి కొద్దిమందినే, గైడ్ వెంటే లోపలికి తీసుకెళ్తారు, చలికాలం నెలల్లో టూర్లు ఉండవు. టికెట్ లేదు గానీ రద్దీ రోజుల్లో వెయిట్ చేయాల్సి రావొచ్చు, ఆలోపు దగ్గర్లోనే ఉన్న, ఈ చోటు చరిత్ర వివరించే ఇంటర్‌ప్రెటివ్ సెంటర్ చూడొచ్చు. లోపలికి వెళ్ళేవాళ్ళు ముందు అక్కడి ఉత్తరాలు, లెక్కల పుస్తకాల గురించి చదివి వెళ్తే మేలు. గదిలో వెలుతురు తక్కువ, గైడ్‌కి టైమ్ తక్కువ, ఐదొందల పెట్టెల్లో దేని గురించి అడగాలో ముందే అనుకుని ఉండకపోతే అడిగేలోపే బయటికొచ్చేస్తాం.